ఏటా చూసి వచ్చే కొండవాలును ఇంటి పెరట్లో ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఏటా వేసవి సెలవుల్లో పది రోజులపాటు మా కుటుంబమంతా కొండ ప్రాంతానికి వెళ్లి వస్తుంటాం. ఇంట్లో పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, డెబ్బై దాటిన మా అమ్మ, మేమిద్దరం ఉంటాం. కొండల్లో ఉన్నన్నాళ్లూ పిల్లలు పొద్దస్తమానం రాళ్లెక్కుతూ, సన్నటి నీటిపాయలో ఆకులు వదిలి అవి ఎక్కడ చిక్కుకుంటాయో చూస్తూ గడుపుతారు. అమ్మ ఏదో ఒక చెట్టు మొదట్లో కూర్చుని ఆ నీటి చప్పుడు వింటూ ఉంటుంది. ఇంటికి తిరిగి వచ్చిన మర్నాటి నుంచి మాత్రం ఎవరూ పెరటి తలుపు తీయరు. తీసినా అక్కడ ఎండిన గడ్డి, ప్రహరీ వారగా నాలుగు పొదలు తప్ప చూడడానికి ఏమీ లేవు.

ఆ కొండవాలు లాంటిదేదో ఇంట్లోనే ఉండాలనే కోరికతో రెండేళ్ల క్రితం ఒక ప్రయత్నం చేశాను. ఒక మూల మట్టిని గుట్టగా పోయించి, దానిమీద పెద్దవీ చిన్నవీ రాళ్లు పేర్పించి, సందుల్లో మొక్కలు నాటాను. మొదటి వానాకాలానికే మట్టి జారిపోయి, రాళ్లు దొర్లి, బురదనీరు నేరుగా వచ్చి ఇంటి వెనక గోడ అడుగున నిలిచింది. గోడకు లోపలి వైపు మోకాలి ఎత్తు వరకు చెమ్మ ఎక్కింది. పెరడు పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. వెనక ప్రహరీ దగ్గర నేల, ఇంటి గోడ దగ్గరి నేలకంటే సుమారు 70 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. అంటే ఉన్న వాలంతా ఇంటి వైపుకే.

నేను అడగదలచుకున్నవి రెండు. ఈ వాలును చెడగొట్టకుండా, ఇంటికి చెమ్మ రాకుండా, పిల్లలు ఆడుకోవడానికీ అమ్మ కూర్చోవడానికీ వీలుగా పెరటిని ఎలా తీర్చాలి? ఈ ఏడాది కొండల్లో ఉండే పది రోజులను ఎలా గడిపితే ఈ పనికి పనికొచ్చే అవగాహన కలుగుతుంది? మరొక సంగతి కూడా చెప్పాలి. గత ఏడాది మేము ఒక్క రోజులోనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు చేరుకున్నాం. ఆ రాత్రి బాబుకు తలనొప్పి, వాంతులు వచ్చాయి. ప్రయాణం పడలేదని సరిపెట్టుకున్నాం కానీ, ఆ భయం ఇంకా మనసులో ఉంది.

మొదటి సమాధానం

మీ పెరటికి రాళ్లకంటే, మొక్కలకంటే ముందు కావలసింది నీటికి దారి. కొండ మీద ఏ రాయి ఎక్కడ ఉండాలో నిర్ణయించినది చాలావరకు నీరే. మట్టి కొట్టుకుపోయిన చోట రాయి బయటపడుతుంది, నీటి వేగం తగ్గిన చోట గులకరాళ్లు ఆగిపోతాయి, ఇంకా నెమ్మదించిన మలుపులో సన్నటి ఇసుక పేరుకుంటుంది. మీరు ముందు రాళ్లు పేర్చి, నీటి సంగతి తర్వాత చూద్దామనుకున్నారు కాబట్టి ఆ గుట్ట నిలవలేదు. ఇది మీ శ్రద్ధాలోపం కాదు, వరస తారుమారైంది, అంతే.

ఇంటి గోడ నుంచి 3 మీటర్ల దూరంలో, పెరటి వెడల్పు పొడవునా, వాలుకు అడ్డంగా వెడల్పాటి లోతు తక్కువ కాలువ ఒకటి తీయించండి. గోడ నుంచి ఆ కాలువ వరకు ఉన్న నేల మీటరుకు 5 సెంటీమీటర్ల చొప్పున కాలువ వైపుకు దిగాలి. అంటే కాలువ అడుగు, గోడ దగ్గరి నేలకంటే కనీసం 15 సెంటీమీటర్లు పల్లంలో ఉంటుంది. వెనక నుంచి దిగివచ్చే వాననీరు ఇక గోడను తాకదు. కాలువ కూడా ఒక పక్కకు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలుతూ పోయి, బయటి పారుదలలోనో, పునాదికి దూరంగా తవ్విన ఇంకుడుగుంతలోనో కలవాలి. ఈ కాలువనే గులకరాళ్లతో, అక్కడక్కడా పెద్ద రాళ్లతో నింపితే వాన లేని రోజుల్లో అది ఎండిన వాగులా కనిపిస్తుంది, వాన కురిసిన రోజున నిజంగానే వాగవుతుంది. మీ పిల్లలు ఆకులు వదలడానికి అదే చోటు.

ఇంకుడుగుంత ఎక్కడ తవ్వాలో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న గుంత తీసి, నీటితో నింపి పూర్తిగా ఇంకనివ్వాలి. రెండోసారి నింపి, గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగుతుందో కొలవాలి. గంటకు 2.5 సెంటీమీటర్ల కంటే తక్కువ దిగితే ఆ చోటు ఇంకుడుగుంతకు పనికిరాదు, వేర్లు కుళ్లే మొక్కలకు కూడా పనికిరాదు. పెరట్లో మూడు నాలుగు చోట్ల ఇలా చూడండి, ఒకే పెరట్లో ఎంత తేడా ఉంటుందో తెలుస్తుంది. నీటి లెక్క కూడా సులువే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. మీ 96 చదరపు మీటర్ల పెరటి మీద 30 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,880 లీటర్లు. అందులో కొంత నేల తాగేసినా మిగిలినదానికి చోటు చూపించక తప్పదు.

కాలువకు ఎగువన మీకు సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తు మిగులుతుంది. దాన్ని ఒకే గోడతో నిలపవద్దు. 40 సెంటీమీటర్ల ఎత్తు మించని రెండు రాతి కట్లుగా విడగొడితే మధ్యలో ఒక చదునైన మెట్టు వస్తుంది, ఆ కట్టు అంచే పెద్దవారు కూర్చునే ఎత్తు కూడా. సిమెంటు లేకుండా పేర్చే కట్టులో ప్రతి రాయీ కింది రెండు రాళ్ల అతుకు మీద కూర్చోవాలి, నిలువు అతుకులు ఒకదాని కింద ఒకటి రాకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ కట్టు మట్టి వైపుకు కాస్త వాలుతూ పోవాలి. మధ్యమధ్య కొన్ని పొడవాటి రాళ్లను వాలు లోపలికి చొచ్చుకుపోయేలా పెట్టాలి. కట్టు వెనక ఒక జానెడు మందాన కంకర పోస్తే నీరు కట్టును తోయకుండా కిందికి జారుతుంది. కట్టు ఎత్తు ఎప్పుడైనా మీటరు దాటవలసి వస్తే అనుభవమున్న ఇంజనీరుకు చూపించకుండా పని మొదలుపెట్టవద్దు.

నీటిమట్టం చూడడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. తాపీ మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్, అంటే నీరు నింపిన పారదర్శకమైన సన్నని గొట్టం, సరిపోతుంది. రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టానికి వచ్చి ఆగుతుంది కాబట్టి, ఒక కొస మీరు, ఒక కొస మీ అమ్మాయి పట్టుకుని మేకులు పాతుకుంటూ వెళ్తే ఒక్క సాయంత్రంలో పెరటి వాలంతా కాగితం మీదికి వస్తుంది. గొట్టంలో గాలి బుడగ చిక్కుకుంటే మాత్రం కొలత తప్పుతుంది, దాన్ని ముందే తట్టి బయటికి పంపాలి.

ఇక రాళ్లు. కొండ మీద ఒక రాయి పక్కన కాసేపు కూర్చుని చూడండి. అది నేల మీద పెట్టినట్టు ఉండదు, నేలలోంచి పైకి వచ్చినట్టు ఉంటుంది. దాని మీది పొరలన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటాయి, పక్క రాయి పొరలు కూడా దాదాపు అదే దిక్కుకు వాలి ఉంటాయి. ఎండ తగలని వైపు నాచు, ఎండ వైపు తెల్లటి బూడిద మచ్చల్లాంటి లైకెన్ కనిపిస్తాయి. చిటికెడు మట్టి మాత్రమే ఉన్న పగులులో అరచేతిలో సగం కూడా లేని మొక్క వేరు దించి ఉంటుంది. పెరట్లో కూడా ప్రతి రాయిలో మూడో వంతు భూమిలో ఉండేలా పూడ్చి, పొరలన్నింటినీ ఒకే దిక్కుకు తిప్పి, పైభాగం వాలు లోపలికి కొద్దిగా వంగేలా కూర్చోబెట్టాలి. అప్పుడు రాతి మీద పడిన వాన వెనక ఉన్న వేర్లకే చేరుతుంది. ఇరవై చిన్న రాళ్లకంటే మూడు పెద్ద రాళ్లు నయం. కానీ బరువు తెలుసుకుని కొనండి. 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు ఉన్న నల్లరాయి దాదాపు 160 కిలోలు తూగుతుంది, దాన్ని చేతులతో ఎత్తే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

రెండవ సమాధానం

పెరటి గురించి పైన చాలా వివరంగా చెప్పారు కాబట్టి నేను ప్రయాణం గురించే రాస్తాను. మీ బాబుకు వచ్చినది ప్రయాణపు అలసట కాకపోవచ్చునని నా అభిప్రాయం. సముద్రమట్టం నుంచి 2,500 మీటర్లు దాటాక, శరీరం అలవాటు పడేలోపే పైకి చేరితే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేక చిరాకు పడతారు, తిండి వద్దంటారు. కాబట్టి మొదటి రెండు రాత్రులు 2,500 మీటర్ల లోపు ఎక్కడైనా గడపండి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకుండా చూసుకోండి. లక్షణాలు కనిపిస్తే ఆ రోజు ఇక పైకి వెళ్లకూడదు, అవి పెరిగితే రాత్రయినా సరే కిందికి దిగాలి. నడక తూలడం, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆయాసం రావడం, మాట తడబడడం ప్రమాద సూచనలు. వాటికి వెంటనే దిగడం, వైద్యుణ్ని కలవడం తప్ప వేరే దారి లేదు. మీ అమ్మగారికి గుండె, ఊపిరితిత్తుల సమస్యలేవైనా ఉంటే బయలుదేరకముందే ఆమె వైద్యుడి సలహా తీసుకోండి.

నడక విషయంలో చాలా కుటుంబాలు దూరం మాత్రమే చూసి మోసపోతాయి. స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని ప్రకారం 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట కలపాలి. అది చురుకైన పెద్దల నడక. ఆరేళ్ల బాబు ఉన్నాడు కాబట్టి వచ్చిన సమయానికి కనీసం సగం కలపండి. అతను ఆగి చూసే ప్రతి పురుగుకూ, ఏరుకునే ప్రతి పుల్లకూ సమయం ఉండాలి, లేకపోతే అది విహారం అనిపించుకోదు.

వేసవిలో కొండల మీద ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక మొదలవుతాయి. తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా శిఖరాల మీద నుంచి, విడిగా నిలిచిన చెట్ల దగ్గర నుంచి దిగిపోయే అలవాటు చేసుకోండి. చివరి ఉరుము వినిపించిన తర్వాత 30 నిమిషాల వరకు మళ్లీ పైకి వెళ్లవద్దు. చల్లగా ఉందని ఎండను చిన్నచూపు చూడకూడదు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది గానీ, అతినీలలోహిత కిరణాల తీవ్రత మాత్రం దాదాపు 10 శాతం పెరుగుతుంది. పిల్లలకు టోపీ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

మీరు అవగాహన గురించి అడిగారు. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం ఎక్కుతూ, ఎత్తు పెరిగేకొద్దీ మొక్కలు ఎలా మారుతున్నాయో నమోదు చేసుకున్నాడు. తర్వాత పర్వతాన్ని నిలువునా కోసినట్టు ఒకే పటంలో గీసి, ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో దానిమీదే రాశాడు. మీ అమ్మాయి చేత అలాంటి పటమే గీయించండి. ఒకే వాలును ఎంచుకుని, కింద నీటి ఒడ్డున, మధ్యలో, పైన రాళ్ల మధ్య ఏ రకం మొక్కలు ఉన్నాయో, మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో, నీడ ఎటు పడుతోందో గుర్తుపెట్టించండి. మొక్కల పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, వాటి ఎత్తు, ఆకు తీరు గీస్తే చాలు. మీ పెరట్లో కూడా కాలువ ఒడ్డు తడిగా, పై మెట్టు పొడిగా ఉంటాయి కాబట్టి ఆ కాగితం మీకు నేరుగా పనికివస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. గత ఏడాది జరిగినదాని కారణం ఇప్పుడు అర్థమైంది, ఈసారి మొదటి రెండు రాత్రులు దిగువనే ఉంటాం. మరో రెండు సందేహాలు ఉన్నాయి. క్రితంసారి కొండ మీద నుంచి రాళ్ల సందుల్లో పెరిగే ఒక చిన్న మొక్కను వేర్లతో సహా తెచ్చి నాటాను, మూడు వారాల్లో కుళ్లిపోయింది. అలాంటివాటిని బతికించే పద్ధతి ఏదైనా ఉందా? కొత్తగా నాటిన మొక్కలను పది రోజులు వదిలి వెళ్తే ఎండిపోకుండా ఏం చేయాలి?

మూడవ సమాధానం

మొక్క గురించి నేను కాస్త గట్టిగానే చెబుతాను, నొచ్చుకోవద్దు. కొండ మీద నుంచి మొక్కను గానీ, రాయిని గానీ తీసుకురాకండి. చాలా రక్షిత ప్రాంతాల్లో అది చట్టవిరుద్ధం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎత్తైన చోట అరచేయంత మొక్క ఆ పరిమాణానికి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టి ఉంటుంది. దాన్ని పీకిన చోట మట్టి వదులై తర్వాతి వానకు కొట్టుకుపోతుంది. దిగువన అది బతకకపోవడానికి కారణం మీ సంరక్షణ లోపం కాదు. ఆ మొక్కకు రాత్రి చల్లదనం కావాలి. వేడి రాత్రుల్లో అది పగలు కూడబెట్టుకున్నదంతా శ్వాసక్రియకే ఖర్చు చేసుకుని నీరసిస్తుంది, దానికి తోడు కాండం చుట్టూ తడి నిలిస్తే కుళ్లు పట్టుకుంటుంది. మీ వాతావరణానికి అలవాటుపడిన మొక్కల్లోనే గుబురుగా, పొట్టిగా, నేలను అంటిపెట్టుకుని పెరిగేవాటిని నర్సరీలో ఎంచుకుని, పై మెట్టు మీద కంకర కలిపిన మట్టిలో నాటండి. కాండం చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మందాన సన్నటి కంకర పరిస్తే తడి నిలవదు. కొండ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బూట్ల అడుగున, బట్టల మడతల్లో చిక్కుకున్న గింజలను దులిపేయండి, వెళ్లే ముందు కూడా అదే పని చేయండి. ఒక చోటి కలుపు మరో చోటికి చేరే దారుల్లో అదొకటి.

పది రోజుల నీటికి నేను నమ్మేది మట్టికుండనే. మెరుగు పూత లేని కుండను మెడ వరకు పాతి, నీరు నింపి, మూత పెడితే, చుట్టూ మట్టి పొడిబారేకొద్దీ గోడల గుండా నీరు ఊరుతుంది. ఒక్కో కుండ ఎన్ని రోజులు వస్తుందో మట్టిని బట్టి మారుతుంది కాబట్టి, బయలుదేరడానికి రెండు వారాల ముందే నింపి చూసుకోండి. పది రోజులు రాకపోతే పెద్ద కుండ పెట్టండి, లేదా మధ్యలో ఒకసారి నింపమని పొరుగువారిని అడగండి. మొక్కల మొదళ్లలో ఎండుటాకులను 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన కప్పండి, కాండానికి మాత్రం ఆనించవద్దు. అన్నింటికంటే ముఖ్యమైనది, వేసవి ప్రయాణానికి ముందు వారాల్లో కొత్త మొక్కలు నాటకండి. నాటిన మొక్కకు వేరు దిగడానికి వానాకాలం ఆరంభం సరైన అదను.

నీటి తొట్టి పెట్టాలనే ఆలోచన ఉంటే మరొక్క మాట. వేడి రోజుల్లో దోమ గుడ్డు నుంచి పెద్ద దోమగా మారడానికి ఏడు నుంచి పది రోజులు చాలు, మీరు వెళ్లేది సరిగ్గా పది రోజులు. వెళ్లే ముందు తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి బోర్లించండి. పసిపిల్లలకు నాలుగు వేళ్ల లోతు నీరు కూడా ప్రాణాంతకమేనని, చుట్టుపక్కల నుంచి వచ్చే చిన్నపిల్లలను కూడా దృష్టిలో పెట్టుకోండి.

నాలుగవ సమాధానం

మొదటి సమాధానంతో నాకు ఒక్క విషయంలో భేదాభిప్రాయం ఉంది. రెండు రాతి కట్లు, కాలువ, ఇంకుడుగుంత అన్నీ ఒకే ఏడాది తలపెడితే పని సగంలో ఆగిపోయి, తవ్విన మట్టి మీదే వానలు పడతాయి. ఈ ఏడాదికి కాలువ, ఇంటి వైపు వాలు మాత్రం సరిచేసి, ఒక వానాకాలం పూర్తిగా గడవనివ్వండి. పెద్ద వాన పడుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తూ, నీరు ఎక్కడ చేరి ఎటు మళ్లుతోందో కాగితం మీద గీసుకోండి. కట్లు ఎక్కడ రావాలో అప్పుడు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. పడమటి వైపు ఒక నీడనిచ్చే చెట్టు మాత్రం ఈ వానల్లోనే నాటేయండి, ఎందుకంటే దానికి పట్టే కాలం ఎక్కువ. సాయంత్రపు ఎండ అటు నుంచే వస్తుంది, మీ అమ్మగారు కూర్చునే చోటు దాని నీడ పడే దిక్కున ఉండాలి. వేర్లు గోడ కిందికి చొచ్చుకురాకుండా ఇంటికి దూరంగా నాటాలని వేరుగా చెప్పనవసరం లేదనుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

నాలుగో సమాధానం చదివాక మా ఇంట్లో అందరికీ మనసు తేలికపడింది. ఈ ఏడాది కాలువ వరకే చేయిస్తాం. నిన్న సాయంత్రం నాలుగు చోట్ల గుంతలు తీసి నీటి పరీక్ష చేశాం. బాబు స్కేలు నిలబెట్టి పట్టుకున్నాడు, అమ్మాయి గంటగంటకూ అంకెలు రాసుకుంది, అమ్మ కుర్చీ వేసుకుని గడియారం చూసింది. ఇంటి గోడకు దగ్గరగా తీసిన గుంతలో నీరు గంటకు ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే దిగింది, చెమ్మ అక్కడే ఎందుకు పట్టిందో తెలిసింది. కుడి పక్క ప్రహరీ దగ్గర, గోడకు ఐదు మీటర్ల దూరంలో తీసిన గుంతలో గంటకు నాలుగు సెంటీమీటర్లు దిగింది. ఆ చోట అమ్మాయి ఒక మేకు పాతి, దానికి ఎర్ర గుడ్డపీలిక కట్టింది. కాలువను ఇంటి గోడ నుంచి మూడు మీటర్ల దూరంలో మొదలుపెట్టి, చివర్లో కాస్త వంపు తిప్పి ఆ మేకు వరకు తీసుకెళ్లాలని ట్యూబ్ లెవెల్ కోసం గొట్టం తెచ్చి పెట్టుకున్నాం.